సూది చూసి పడిపోయేవాళ్లను చూసి నవ్వకండి, పడుకోబెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో షుగరు గురించి, బీపీ గురించి, మోకాళ్ల నొప్పుల గురించి డాక్టర్లు రాస్తుంటారు. మా ఇంట్లో అందరం చదువుతాం, మా అమ్మయితే కత్తిరించి దేవుడి గూట్లో దాచుకుంటుంది కూడా. దాదాపు ప్రతి వ్యాసం చివర్లో "ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోండి" అని ఉంటుంది. చేయించుకోవాలనే ఉంటుంది సార్. ఆ సూది చూడగానే కళ్లు తిరిగి కింద పడిపోయేవాడు ఏం చెయ్యాలో మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు, అందుకే ఈ ఉత్తరం. నేను డాక్టర్ని కాను. బరంపురంలో అప్పడాలు, వడియాలు అమ్ముకునే దుకాణదారుణ్ణి, వయసు 41.

మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి. ఐదో క్లాసు దాకా నేను అక్కడే తాతగారి కొబ్బరితోటలో పెరిగాను, ఆ బావి నీళ్లే తాగాను. ఉద్దానం సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు, కవిటి, సోంపేట, కంచిలి, మందస, ఎటు వెళ్లినా కిడ్నీ మాటే వినిపిస్తుంది. మా పెద్దమావయ్య మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయాడు. అంతకుముందు ఆయనకు ఒంట్లో నలత అన్నది లేదు, సైకిలు మీద తోట చుట్టి వచ్చేవాడు, తెలిసేసరికి చాలా ఆలస్యం అయిపోయింది. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది, లోపల బాగా దెబ్బతినేదాకా పైకి ఏమీ కనబడదు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) లాంటివి పరీక్షిస్తేనే బయటపడుతుంది. అక్కడ అక్షరం ముక్క రాని ముసలమ్మలకు కూడా ఆ మాట తెలుసు, పరీక్షలో మార్కులు అడిగినట్టు "నీకెంతొచ్చింది" అని అడుగుతారు. అలాంటి ఇంట్లో పుట్టి నేను తొమ్మిదేళ్లు రక్తం ఇవ్వకుండా తప్పించుకు తిరిగాను. శిబిరం పెట్టారని తెలిస్తే చాలు, ఆ రోజు నాకు దుకాణంలో సరుకు దిగేది.

ఎందుకంటే 30 ఏళ్లప్పుడు ఒక ల్యాబులో జరిగింది ఇప్పటికీ మర్చిపోలేదు. ఇన్సూరెన్సు కోసం పరీక్ష. చేతులు లేని గుండ్రటి స్టూలు మీద కూర్చోబెట్టాడు కుర్రాడు, జబ్బకు రబ్బరు పట్టీ బిగించాడు, స్పిరిట్ దూది చల్లగా తగిలింది, ఆ వాసనకే కడుపులో తిప్పడం మొదలైంది. పక్కకు చూద్దామనుకుంటూనే చూశాను, ఊదారంగు మూత ఉన్న చిన్న సీసాలోకి నల్లగా దిగుతోంది. చెవుల్లో హోరు, గోడ మీద క్యాలెండరు దూరంగా జరిగిపోవడం, అంతే. లేచేసరికి నేల మీద ఉన్నాను, గడ్డం పగిలి రెండు కుట్లు పడ్డాయి. కుట్ల కంటే ఎక్కువ నొప్పి పెట్టింది వెనక వరసలో ఎవరో నవ్వుతూ "ఇంత మనిషి, మీసాలు చూడు" అనడం. ఇంటికొస్తే మా అమ్మ కూడా "ఏటిరా ఇది, చీమ కుట్టినంత లేదు" అంది. పాపం ఆవిడది ప్రేమే, కానీ ఆ మాట పట్టుకునే నేను ఇంకెవరికీ చెప్పుకోలేకపోయాను.

ఇక రెండో కథ. రెండేళ్ల కిందట, దీపావళి ముందు, రాత్రి కొట్టు కట్టేస్తుంటే ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకోవడం, ఊపిరి అందకపోవడం, వేళ్ల చివర్లు తిమ్మిరి, ఇక పోతున్నానని రూఢి అయిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఈసీజీ బాగానే ఉందన్నారు, గ్యాసు అని మాత్ర ఇచ్చి పంపేశారు. వారం తిరగకుండా మళ్లీ వచ్చింది, ఈసారి ఇచ్ఛాపురం వెళ్లే బస్సులో. ఇలా నాలుగైదు సార్లయ్యాక వేరే డాక్టరు గారు ఒకాయన కూర్చోబెట్టి ఇది పానిక్ అటాక్ అని చెప్పారు. చెప్పి, థైరాయిడ్ ఎక్కువైనా గుండె ఇలాగే పరిగెడుతుంది కాబట్టి ముందు అది లేదని తేల్చుకోవాలి, రక్తపరీక్ష చేయించుకురండి అన్నారు! చూశారా నా గతి, దడ ఎందుకో తెలియాలంటే రక్తం ఇవ్వాలి, రక్తం ఇవ్వాలంటే దడ. చీటీ జేబులో పెట్టుకుని రెండు నెలలు తిరిగాను, చెమటకి అక్షరాలు చెరిగిపోయాయి.

చివరికి మా ఆవిడే వెళ్లి ఆయనకు సంగతంతా చెప్పేసింది. అప్పుడాయన చెప్పింది విని ఆశ్చర్యపోయాను, అందరికీ తెలియాలనే ఇక్కడ రాస్తున్నాను. నాకున్నవి రెండూ భయాలే అయినా ఒంట్లో జరిగేది ఒకటి కాదట. పానిక్ వచ్చినప్పుడు గుండె వేగం, బీపీ పెరుగుతాయి, అందుకే పడిపోతాననిపిస్తుంది కానీ పడిపోవడం అరుదు. కంగారులో గబగబా ఊపిరి పీల్చేస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయి. దానికి మందు నెమ్మదిగా ఊపిరి వదలడం, నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి ఆరు అంకెలు వదలడం, పారిపోకుండా ఉన్నచోటే కూర్చోవడం. సాధారణంగా పది నిమిషాల్లోపే పతాక స్థాయికి వెళ్లి తర్వాత దిగిపోతుంది. నేను గడియారం చూసుకోవడం మొదలుపెట్టాను, నిజంగానే దిగింది. (మొదటిసారి గుండె నొప్పో దడో వస్తే మాత్రం పానిక్ అని మీకు మీరే అనుకోకండి, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.)

రక్తం, సూది భయం ఇలా కాదు. అందులో గుండె మొదట వేగంగా కొట్టుకుని తర్వాత ఒక్కసారిగా నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది, మెదడుకు రక్తం చాలక మనిషి పడిపోతాడు. ఇలాంటివాడికి "రిలాక్స్ అవ్వు, ఒళ్లు వదిలెయ్యి" అని చెప్తే ఇంకా తొందరగా పడిపోవచ్చు. నాకు ఇన్నాళ్లూ అందరూ చెప్పింది అదే! దీనికి ఒళ్లు వదలకూడదు, బిగించాలి. స్వీడన్‌లో లార్స్ గోరన్ ఓస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల్లో ఈ పద్ధతి తయారు చేశారట. పిడికిళ్లు, తొడలు, పొట్ట గట్టిగా బిగపట్టాలి, పది పదిహేను సెకన్లలో మొహం వేడెక్కుతుంది, అప్పుడు వదలాలి, పూర్తిగా వాలిపోకుండా మామూలుగా కూర్చోవాలి, అర నిమిషం ఆగి మళ్లీ. ఇలా ఐదు సార్లు. ముందు ఇంట్లో అలవాటు చేసుకోవాలి. నేను అప్పడాల పిండి తూచేటప్పుడు కూడా కాళ్లు బిగించేవాణ్ణి, మా గుమాస్తా వింతగా చూసేవాడు.

ఆ తర్వాత మెల్లమెల్లగా దగ్గరికెళ్లమన్నారు. సూది బొమ్మ చూడటం, తర్వాత ల్యాబుకి వెళ్లి ఊరికే పది నిమిషాలు కూర్చుని వచ్చేయడం, ఇంకోరోజు పట్టీ మాత్రం కట్టించుకోవడం. వాళ్లు విసుక్కుంటారేమో అనుకున్నాను. ఒక ఒడియా ఆవిడ, నడివయసు టెక్నీషియన్, "డరంతు నాహిఁ" (భయపడకండి) అంటూ నవ్వింది, కానీ ఆ నవ్వు వేరు. అసలు రోజున నన్ను మంచం మీద పడుకోబెట్టింది, సీసాలు నాకు కనబడకుండా అటు పెట్టుకుంది. సూది గుచ్చే చేయి మాత్రం వదులుగా ఉంచి మిగతా ఒళ్లంతా బిగించాను. రెండు సీసాలు తీసింది, ఒక్కోటి మహా అయితే నాలుగైదు మిల్లీలీటర్లు, మన ఒంట్లో ఉండేది సుమారు ఐదు లీటర్లు. ఐపోయాక కూడా పావుగంట లేవనివ్వలేదు. థైరాయిడ్ బాగానే ఉంది. అదే రక్తంలో క్రియాటినిన్ కూడా చూడమన్నాను, 1.0, అదీ మామూలుగానే ఉంది. రిపోర్టు కవరు మీద నా పేరు ఒడియాలో ఉంటే మా పాప చదివి వినిపించింది, ఒడియా మీడియం చదువు వల్ల లాభం అదొక్కటే అని మా అమ్మ వేళాకోళం.

పరగడుపున రమ్మంటే మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లేవాళ్లు మాలో చాలామంది. మామూలు షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలకు నీళ్లు తాగొచ్చు, తాగితేనే మంచిది, నీళ్లు లేక ఎండిపోయిన ఒళ్లు ఇంకా తొందరగా కళ్లు తిరిగి పడుతుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ల్యాబులు నడిపేవారు, ఊళ్లలో శిబిరాలు పెట్టేవారు చేతికి పట్టీ కట్టేముందు "ఇంతకుముందు ఎప్పుడైనా కళ్లు తిరిగాయా" అని ఒక్క మాట అడగండి. అవునంటే పడుకోబెట్టి తీయండి. మంచం లేకపోతే బల్ల, బల్ల లేకపోతే నేల మీద చాప. ఉద్దానంలో నాలాంటివాడు ఒక్కడు సిగ్గుపడి ఇంట్లో ఉండిపోతే ఏమవుతుందో మా పెద్దమావయ్య ఇంట్లో చూశాను. మీ డాక్టర్ల చేత కూడా ఒకసారి దీని గురించి రాయించండి, నేను రాసిందాంట్లో తప్పుంటే దిద్దమనండి. దడ, దిగులు ఎవరికీ చెప్పుకోలేనివారికి 14416 అని ప్రభుత్వం టెలీ మానస్ నంబరు ఉంది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఫోనుకి డబ్బులు పడవు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

ఈ భయం కుటుంబాల్లో వస్తుందని కూడా డాక్టరు గారు చెప్పారు. మా పాపకు తొమ్మిదేళ్లు, పోయిన నెల బళ్లో టీకా వేసినప్పుడు తెల్లగా పాలిపోయి కూలబడిందట. వాళ్ల మాస్టారు "నాన్న పోలికే" అన్నారు. సోమవారం దానికి రక్తపరీక్ష ఉంది. వారం నుంచి టీవీ ముందు కూర్చుని ఇద్దరం పిడికిళ్లు బిగిస్తున్నాం, ఎవరి మొహం ముందు ఎర్రబడుతుందో పందెం. ల్యాబులో ముందు నాన్నే ఇవ్వాలని షరతు పెట్టింది, సరేనన్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా