బావా, బండి తీసే ముందు ఇది చదువు

బావా,

సంక్రాంతికి అందరూ కలిసి వస్తున్నారని తెలిసి ఇంట్లో ఒకటే సందడి. దిగీ దిగగానే కారు తీసి గుంటూరు, తెనాలి, బందరు చుట్టాలందరినీ చూసొస్తానన్నావు. మంచిదే. కానీ నువ్వు మస్కట్ వెళ్ళేనాటి రూల్స్ ఇప్పుడు లేవు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో బాగా మార్చారు. మన రాష్ట్రంలో 2025 మార్చి నుంచి జరిమానాలు గట్టిగా వసూలు చేస్తున్నారు. ఫోన్‌లో హడావిడిగా చెబితే నువ్వు సగం వింటావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నీ లైసెన్సు తీసి తేదీ చూడు. పూర్వం గడువు దాటాక నెల రోజులు వెసులుబాటు ఉండేది, ఐదేళ్ళలోపు ఎప్పుడైనా రెన్యువల్ చేయించుకుంటే పరీక్ష అక్కర్లేదు. ఇప్పుడు ఆ నెల తీసేశారు. గడువు దాటిన మర్నాటి నుంచే అది చెల్లదు. ఏడాది దాటిందా, మళ్ళీ డ్రైవింగ్ టెస్ట్‌కి నిలబడాల్సిందే. ఒక మేలు ఏమిటంటే, గడువుకి ఏడాది ముందే అప్లికేషన్ పెట్టుకోవచ్చు. లైసెన్సు లేకుండా దొరికితే 5,000 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచు, చెల్లని లైసెన్సుతో నడుపుతుండగా ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఎంత తిరగాలో ఆలోచించు.

అసలు నేను ఈ ఉత్తరం మొదలుపెట్టింది అల్లుడి కోసం. పదహారేళ్ళు వచ్చాయి, మామయ్యగారి స్కూటర్ మీద నేర్పించేస్తానన్నావు కదా. వద్దు బావా. నువ్వూ నేనూ ఆ వయసులో తొక్కాం, ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు పద్దెనిమిది నిండని పిల్లాడు బండి నడిపి పట్టుబడితే శిక్ష తండ్రికో బండి ఓనరుకో పడుతుంది: మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. 'మాకు తెలీకుండా తీసుకెళ్ళాడు' అంటే సరిపోదు, తెలీదని రుజువు చేసుకోవాల్సింది పెద్దవాళ్ళే. స్కూటర్ మామయ్యగారి పేరున ఉంది, ఈ వయసులో ఆయన్ని కోర్టు మెట్లు ఎక్కిస్తామా?

సాయంత్రం కాలేజీలు వదిలే వేళకి విజయవాడ బెంజ్ సర్కిల్ వైపు వస్తే నీకే తెలుస్తుంది. మీసం కూడా సరిగ్గా రాని పిల్లలు ముగ్గురేసి ఎక్కి బస్సుల మధ్య నుంచి దూరిపోతుంటారు. చూస్తుంటే గుండె దడదడలాడుతుంది. ముగ్గురు ఎక్కితే వెయ్యి కట్టించుకోవడమే కాదు, లైసెన్సు మూడు నెలలు ఆపేయొచ్చు. ఆ పిల్లల్లో చాలామందికి ఆపడానికి లైసెన్సే ఉండదు. బండి కొనిచ్చిన పెద్దలదే తప్పని నేను గట్టిగా అంటాను.

హెల్మెట్ విషయంలో చెల్లెమ్మకి కూడా చెప్పు. వెనక కూర్చున్నవాళ్ళకీ తప్పనిసరి, నాలుగేళ్ళు దాటిన పిల్లలకీ అంతే. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనాలి. లేకపోతే వెయ్యి, దానితోపాటు మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. మీ చంటిదానికి ఇంకా మూడేళ్ళే కాబట్టి వేరే రూల్: నడిపేవాళ్ళకి కట్టే బెల్టు ఉండాలి, తలకి సరిపడే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు మించకూడదు. నన్నడిగితే దాన్ని కారులోనే తీసుకెళ్ళు. సీటు బెల్టు లేకపోయినా వెయ్యే.

అంబులెన్సుకి దారి ఇవ్వకపోతే 10,000. వారధి మీద ట్రాఫిక్ ఆగినప్పుడు వెనక సైరన్ వినబడితే కంగారుపడకు, మెల్లగా పక్కకి తీసి ఆపు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు. హైవే మీద ఎవరైనా పడిపోయి ఉంటే పోలీసు కేసు భయంతో జనం ఆగరు. ఆ భయం అక్కర్లేదు. సాయం చేసినవాళ్ళని పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదని చట్టంలోనే రాశారు. 108కి ఫోన్ చేసి దగ్గర నిలబడితే చాలు. 2025 మే నుంచి దెబ్బలు తగిలినవాళ్ళకి ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు డబ్బు కట్టకుండా వైద్యం చేయాలి. అందుకే ఎవరి దగ్గర డబ్బుందో చూసుకుంటూ టైం పోగొట్టుకోకూడదు.

కాగితాల టెన్షన్ మాత్రం తగ్గింది. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు ఫోన్‌లోనే డిజీలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో చూపిస్తే ఒప్పుకోవాలి. మామయ్యగారి కారు ఇన్సూరెన్సు, పొల్యూషన్ తేదీలు నేను వెళ్ళి చూస్తాను. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారికే 2,000.

నీ లైసెన్సు రెండు వైపులా ఫొటో తీసి ఈ వారంలోనే పంపు. గడువు దాటి ఏడాది కాకపోతే రెన్యువల్ పని మొదలుపెడదాం. అయిపోయి ఉంటే పండగకి కారు నేనే నడుపుతాను, నువ్వు పక్కన కూర్చో. అల్లుడికి ఈ ఉత్తరం చదివి వినిపించు, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ