వార్షిక సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఈ ఏడు మొక్కలను, జీవులను లెక్కపెట్టే మన పనంతా నల్లగొండ పక్కనున్న పానగల్లు ఉదయ సముద్రం చెరువు దగ్గరే సాగింది. ముందు కృతజ్ఞతలు. చెరువు లోపలి శికం భూముల్లో తిరగనిచ్చిన రైతులకు, ఏ ఒడ్డున కాలు దిగబడుతుందో ముందే చెప్పి పిల్లలను కాపాడిన మత్స్యకార పెద్దలకు, సెలవు రోజులు వదులుకుని వచ్చిన బడి సార్లకు, మేడమ్‌లకు, ప్లాస్టిక్ పైపులు కోసి మీటరు చదరాలు అతికించి ఇచ్చిన ప్లంబర్ సభ్యునికి, భూతద్దాలు కొనిచ్చిన దాతలకు, పొద్దున్నే ఛాయ్, ఉప్మా పంపిన హోటల్ వారికి సంఘం రుణపడి ఉంది. అందరికీ ఈ సభలోనే శాలువాలు కప్పుతాం.

వానకాలం పోయాక బడి పిల్లలతో జరిపిన జీవుల నమూనా సేకరణ శిబిరం ఈ సంఘం చేసిన పనుల్లో నేను అన్నిటికన్నా గర్వపడేది. చెరువు దగ్గర ఏమేం ఉంటాయంటే పిల్లలు గబగబా చెప్పారు. ఎన్ని ఉంటాయంటే ఆగిపోయారు. కట్ట మీది గడ్డి దుబ్బులన్నీ ఎవరూ లెక్కపెట్టలేరు కాబట్టి కొంత భాగం చూసి మొత్తం అంచనా కట్టాలి. అందుకు పైపులతో చేసిన మీటరు చదరాన్ని నేల మీద పెట్టి, దాని లోపలి మొక్కలను లెక్కపెడతాం. చిక్కంతా ఆ భాగాన్ని ఎంచుకోవడంలోనే. వదిలేస్తే అందరూ చదరాన్ని పూలున్న చోటే పెడతారు. కళ్ళు మూసుకుని విసిరినా చెయ్యి అలవాటైన వైపే పోతుంది. అందుకే రెండు టేపులు మూలమట్టంగా పరిచి చీటీలు తీయించాం. ఒక చీటీలో పొడవు, ఇంకో చీటీలో అడ్డం. చీటీ చెప్పిన చోటే చదరం. ఒక జట్టుకు వట్టి మట్టి వచ్చింది. "సార్, పక్కకు జరుపుదామా" అని ఒక అమ్మాయి అడిగితే, జట్టులోని మిగతా పిల్లలే వద్దని సున్నా రాయించారు. ఆ సున్నాలు తీసేస్తే మొక్కలు ఉన్నదానికంటే ఎక్కువని తేలుతుంది. ఇంత సంగతి పిల్లలు తమంతట తాము పట్టుకున్నారు.

తర్వాత కట్ట పాదం నుంచి నీళ్ళ దాకా తాడు కట్టి, మీటరు మీటరుకు తాడును తాకిన మొక్క పేరు రాశారు. పైన సర్కారు తుమ్మ, వయ్యారిభామ. దిగేకొద్దీ గరిక. తడి మొదలైన చోట తుంగ, నీళ్ళలో గుర్రపుడెక్క. తడి, మట్టి, వెలుతురు మారితే ఆవాసం మారుతుందనీ, ఆవాసం మారితే అందులో బతికేవీ మారతాయనీ పాఠంలో చదివినదాన్ని మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. నీటి అంచు నుంచి ఎందుకు మొదలుపెట్టలేదని కొందరు సభ్యులు అడిగారు. ఉదయ సముద్రం ఇప్పుడు ఎత్తిపోతల కృష్ణా నీళ్ళు వచ్చే బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, అంటే వచ్చిన నీళ్ళు నిలిపి అవసరాన్ని బట్టి వదిలే చెరువు. అంచు ముందుకూ వెనక్కూ జరుగుతూనే ఉంటుంది. కట్ట పాదంలోని రాయి జరగదు. వచ్చే ఏడుతో పోల్చాలంటే ఆ రాయి దగ్గరే మొదలుపెట్టాలి.

గబగబా కదిలే జీవులకు చదరం పనికిరాదు. మిడతలను వలతో పట్టి, పక్షుల కంట పడనంత చిన్న రంగు చుక్క పెట్టి వదిలి, మళ్ళీ పట్టే పద్ధతి నేర్పాం. 40 మిడతలకు చుక్క పెట్టారనుకోండి. రెండోసారి 50 దొరికి, వాటిలో 10కి చుక్క ఉంటే, అయిదో వంతుకు చుక్క ఉన్నట్టు. అంటే మొదటి 40 మొత్తంలో అయిదో వంతు, కాబట్టి మొత్తం సుమారు 200. ఈ మధ్యలో కొత్తవి రాకూడదు, ఉన్నవి పోకూడదు, చుక్క చెరగకూడదు. ఇవి తప్పితే లెక్కా తప్పుతుంది.

నేలలో కప్పులు పాతే పని మాత్రం సగంలో ఆపేశాం. కప్పు అంచు నేలకు సమంగా ఉంటే రాత్రి తిరిగే పేడపురుగులు, సాలీళ్ళు అందులో పడతాయి. పొద్దున్నే వెళ్ళి లెక్కపెట్టి వదలాలి. ఆలస్యమైతే ఎండకు చస్తాయి, ఒకదాన్నొకటి తింటాయి. వస్తామని వాట్సాప్ గ్రూపులో పేర్లిచ్చిన వారిలో చాలామంది రాలేదు, రాలేమని కబురూ చేయలేదు. ఉన్న కొద్దిమందిమి అన్ని కప్పులూ చూడలేక పీకేశాం. నోరులేని జీవులను పట్టి మరిచిపోయే హక్కు మనకు లేదు. ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీకీ, పట్టణ స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, స్థానికులను సంప్రదించి ఆ ప్రాంతపు జీవుల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. మన పట్టికలను అందులో వాడుకోమని ఇస్తూ ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాం. వెళ్ళినప్పుడల్లా ఫైలు ఇంకో టేబుల్ మీద ఉందన్నారు. పిల్లలు ఎండలో కూర్చుని రాసిన కాగితాలు అవి. చదివి పనికిరావన్నా సరే, ముందు చదవాలి కదా.

లెక్కలు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఆడిట్ అయింది. చందా బకాయిలు ఈ నెలలోనే కట్టగలరు.

జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన ఉంటుంది. బైనాక్యులర్ ఉన్నవారు, పొద్దున్నే రాగలిగినవారు సహాయ కార్యదర్శికి పేర్లివ్వండి. కప్పుల పని మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక్కో ఉదయానికి ఇద్దరు చొప్పున వంతుల పట్టిక వేసి, సంతకాలకు ఈ నివేదిక వెంటే తిప్పుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి