సాయంత్రం రెండు గంటల పాటు ఒక గది కావాలి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరంలో ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లోనే పిల్లలకు గాత్రం, వయొలిన్ నేర్పుతున్నాను. నెలకు ఎనిమిది క్లాసులు, వెయ్యి రూపాయలు. ఇప్పుడు పధ్నాలుగు మంది వస్తున్నారు. పోయిన నెల మా అపార్టుమెంటు సెక్రటరీ గారు తలుపు కొట్టి, "మేడమ్, మీటింగులో అనుకున్నాం. ఈ ట్యూషన్లు ఇక ఇక్కడ వద్దండీ" అని చెప్పి వెళ్లారు. మర్యాదగానే చెప్పారు. ఆయన మీద ఫిర్యాదు చేయడానికి కాదు ఈ ఉత్తరం.

ఉన్నమాట చెప్పాలంటే వాళ్ల బాధ కూడా బాధే. గాత్రం పిల్లలతో పేచీ లేదు. గొడవంతా కొత్తగా వయొలిన్ కమాను పట్టిన వాళ్లతోనే. తీగ మీద చెయ్యి ఎంత బరువు వేయాలో వాళ్లకు తెలియదు. నొక్కేస్తారు, లేకపోతే తేల్చేస్తారు. తుప్పు పట్టిన గేటు తీసినట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఆ గేటు ఆరు నెలలు అలా తెరుచుకుంటూనే ఉంటుంది. తరవాత ఒక రోజు ఉన్నట్టుండి షడ్జం, అంటే 'స' స్వరం, నిలబడుతుంది. పిల్ల నా మొహం చూస్తుంది, నేను పిల్ల మొహం చూస్తాను. కింది ఫ్లాటులో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకునే నర్సమ్మకు మాత్రం ఆ రోజూ ఒకటే, అంతకు ముందు రోజూ ఒకటే.

"ఆన్‌లైన్‌లో చెప్పుకోండి మేడమ్" అన్నారు. కరోనా రోజుల్లో అదీ చేశాను. డల్లాస్‌లో ఒక పాపకు ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే చెబుతున్నాను, వాళ్లకది శనివారం రాత్రి. అందుకే దాని సంగతి బాగా తెలుసు. ఆది తాళం వేస్తూ ఇద్దరం కలిసి పాడదామంటే, నేను తాళం ఒక చుట్టు ముగించి మొదటి దెబ్బకు వచ్చేసరికి ఆ పాప ఇంకా చివరి దెబ్బల దగ్గరే ఉంటుంది. కాబట్టి నేను పాడాలి, ఆగాలి, తను పాడాలి. కలిసి పాడటం అనేది లేదు. పైగా ఆ వీడియో యాప్ తంబూరా శ్రుతిని ఫ్యాన్ మోత అనుకుని కోసేస్తుంది! సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఆప్షన్ తీసేయాలని నాకు ఆ పాపే నేర్పింది. గాత్రమైతే ఎలాగోలా లాక్కొస్తాను. వయొలిన్ పట్టిన పిల్ల మణికట్టు వంకర పోతే ఫోన్లోంచి చెయ్యి పెట్టి సరిచేయలేను కదా. అన్నిటికీ మించి, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఉన్నది ఒకటే ఫోను. అది పొద్దున్నే నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది.

మహారాజా వారి సంగీత కళాశాల ఉంది కదా అంటారు కొందరు. ఉంది, నేనూ అక్కడ చదివిన దాన్నే. కానీ స్కూలూ ట్యూషనూ అయ్యాక మిగిలే టైములో పాఠం కావాలనుకునే పిల్లలు నా బోటి వాళ్ల దగ్గరికి వస్తారు. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు అని మా ఊళ్లో ప్రతి సభలోనూ చెబుతారు. ఘంటసాల గారు ఈ వీధుల్లోనే మధుకరం చేసుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, చదువుకున్నారనీ, పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లోనే ఆయనకు పాఠం చెప్పారనీ చెబుతారు. నాకు ఆ చివరి ముక్కే ఎక్కువ ఇష్టం. ఇరుగుపొరుగు మీటింగు పెట్టినట్టు మాత్రం ఎక్కడా వినలేదు.

ఆదివారం సాయంత్రం ఇంకో గంట పాటలు కట్టడం నేర్పుతాను, దానికి ఫీజు లేదు. మొన్న తొమ్మిదో తరగతి పిల్ల అమ్మమ్మ ఇంటి మీద పాట రాసి తెచ్చింది. "మామిడీ..." అని చివర సాగదీసింది. "నువ్వు బజారులో మామిడీ అని అడుగుతావా?" అన్నాను. నవ్వింది. దీర్ఘం 'మా' మీద ఉంది, కాబట్టి సాగేదీ అక్కడే సాగాలి. 'మా' ఆ సాగే చోట పడేలా మాటను జరిపి మళ్లీ పాడింది. కుదిరింది. ఇప్పుడు ఆ పిల్లను ఏ ఇంటికి రమ్మనాలి?

మా ఇంటికి రెండు సందుల అవతల మున్సిపల్ స్కూలు ఉంది. సాయంత్రమైతే తాళం పడుతుంది, తెల్లవారేదాకా గదులన్నీ ఖాళీయే. అడగడానికి వెళ్తే ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకు వెళ్లమన్నారు. అక్కడ "ఇలాంటి దానికి రూలు లేదమ్మా" అన్నారు. రూలు లేకపోతే ఒకటి రాయండి అని మీ పేపరు ద్వారా అధికారులను అడుగుతున్నాను. సంగీతమో, డ్యాన్సో, మృదంగమో నేర్పే వాళ్లెవరికైనా సరే ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక గది ఇవ్వండి. అద్దె పెట్టండి, కరెంటు బిల్లు మేం కడతాం. ఆ స్కూలు పిల్లల్లో ఇద్దరికి ఊరికే నేర్పమని షరతు పెట్టండి, సంతోషంగా ఒప్పుకుంటాను. బెంచీలు పక్కకు జరిపి వెళ్లేముందు మళ్లీ సర్దేస్తాం. చాపలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక సంగీతం టీచరు,
విజయనగరం