తాత ఫోటో దొరికింది, అందరికీ పేరుపేరునా దండాలు

మూడు వారాల కింద మా ఇంటి గంగజాతర ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని అడిగినప్పుడు ఒకరిద్దరు పలికితే చాలనుకున్నా. ఇవాళ్టికి నలభై ఒకటి చేరాయి. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు కాబట్టి ఇలా అందరికీ కలిపి చెప్పుకుంటున్నా.

మాది తిరుపతి, తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచిపోయేంత దూరం. మా ఇంట్లో అందరం కలిసేది సంక్రాంతికి కాదు, మే నెలలో జాతరకే. బడికి సెలవులు కదా, పీలేరు నుంచి చిన్నాయన వాళ్లు, వేలూరు నుంచి అత్త వాళ్లు మంగళవారం రాత్రి చాటింపు (జాతర మొదలైందని ఊరంతా చాటడం) పడేలోపు దిగిపోయేవాళ్లు. చాటింపు పడితే జాతర అయ్యేదాకా ఊరు దాటి రాత్రి నిద్ర చేయకూడదంటారు, అందుకని వారం రోజులూ పదహారు మందిమి మిద్దె మీద చాపలేసుకుని పడుకునేవాళ్లం. జాతరలో అమ్మవారికి రోజుకో వేషం వేస్తారు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామకొమ్ము, అంటే నామాలు పెట్టుకునే తెల్లమట్టి, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, ఇంటి నిండా ఆ మూడు రంగుల వేలిముద్రలే. అవ్వ ఎవరినీ ఏమీ అనేది కాదు, రాగి అంబలి కాచి గుడికి పొయ్యేవాళ్లకీ వచ్చేవాళ్లకీ వాకిట్లో పోస్తూ ఉండేది. వేషాలు కడుక్కోకముందే స్టూడియో ఆయన వచ్చి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి ఒక ఫోటో తీసేవాడు, ఏటా.

2021 నవంబరు వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఆల్బమ్‌లు బీరువా అడుగు అరలో ఉన్నాయని మాకు గుర్తొచ్చేసరికి నాలుగు రోజులైంది. తెలియక ఎండలో పెట్టాం. ఎండాక లాగితే తాత ముఖం ప్లాస్టిక్ కాగితానికి అంటుకుని ఊడొచ్చింది. తాత పోయి అప్పటికే పదిహేనేళ్లు. అవ్వ ఆ రోజు ఏమీ మాట్లాడలేదు, నాకు అదే ఎక్కువ బాధ.

ఇక మీ సంగతి. లాగొద్దమ్మా, మంచినీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి అని చెప్పిన అన్నా, మిగిలినవాటిలో ఆరు అలాగే దక్కాయి. మా వీధి నుంచి మదనపల్లెకు వెళ్లిపోయిన అక్కా, మీ అమ్మగారి పెట్టెలోంచి తొమ్మిది పంపారు, అందులో మా పెద్దత్త పెళ్లికాకముందు ఫోటో ఉంది, ఆమె దగ్గరే లేదది. డ్యూటీ దిగొచ్చి రాత్రి రెండింటిదాకా స్కాన్ చేసిన తమ్ముడూ, నీకు ఎంత చెప్పినా తక్కువే. స్టూడియో ఆయనైతే షాపు మూసేసి ఎన్నేళ్లయినా నెగటివ్‌లు పారేయలేదు, బిస్కెట్ డబ్బాల్లో ఏడాది రాసి దాచారు. కళ్లు సరిగ్గా ఆనకపోయినా రెండు రోజులు కిటికీ వెలుతురులో ఒక్కొక్కటే పెట్టి వెతికి 1991 డబ్బాలో పట్టుకున్నారు. డబ్బులు ఇవ్వబోతే నా చేయి మడిచి వెనక్కి పెట్టేశారు.

అందులో తాత బైరాగి వేషంలో ఉన్నాడు, చంకలో నాలుగేళ్ల నేను, భయపడి ఏడుస్తున్నా, నా ఎర్ర గౌను మీద ఆయన తెల్లటి అరచేయి అచ్చు. అవ్వకి పెద్ద సైజులో ప్రింటు వేయించి ఇచ్చా. చాలాసేపు చూసి, "ఆ పొద్దు కొమ్ము చాల్లేదు, ఎడమ మోచేతి కింద నేను పూయలేదు" అంది. మేమెవరం గమనించలేదు. దగ్గరగా పెట్టుకుని చూస్తే నిజమే, మోచేతి కింద చర్మం రంగు అలాగే ఉంది.

ఒరిజినల్స్ పంపినవాళ్లవి కవర్లో పెట్టి వచ్చే వారం తిరిగి పంపుతా. ఈసారి జాతరకి తప్పకుండా మా ఇంటికి రండి. అంబలి అవ్వే కాస్తానంటోంది. రాత్రికి ఉండేలా అయితే మాత్రం చాటింపు పడకముందే రండి.