కాలువగట్టు మీద పది నిమిషాలు

ఒరేయ్ సూరీ,

కూర్చుంటే పిర్ర నుంచి పిక్కదాకా లాగుతోందన్నావు చూడు, ఆ చుట్టం రెండేళ్లుగా మా ఇంట్లోనే మకాం.

ఎమ్మారై రిపోర్టులో ఎల్4-ఎల్5 డిస్క్, అంటే నడుం దగ్గర రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, అరిగిందని చూసి, నడుం విరిగినంతగా హడలిపోయాను. నెల రోజులు మంచం దిగలేదు. నడుం ఇంకా బిగుసుకుపోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది, ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా యాభై ఏళ్లకు నూటికి 80 మందికి ఆ అరుగుదల కనిపిస్తుందట!

అసలు నా కొంప ముంచింది నొప్పి ఉన్న రోజులు కాదురా, లేని రోజులు. మొన్న కొబ్బరి దింపు రోజున ఒళ్లు తేలిగ్గా ఉందని గునపం దగ్గర నిలబడి వంద కాయలు వొలిచేశాను. మర్నాడు చెప్పులు వేసుకోవడానికి కూడా వంగలేకపోయాను. మళ్లీ వారం మంచమే.

అందుకే ఇప్పుడు ఒంటి మాట వినను, గడియారం మాట వింటాను. బాగున్నా బాగోకపోయినా పొద్దున్నే కాలువగట్టు మీద నడక. పది నిమిషాలతో మొదలెట్టి వారానికి రెండేసి పెంచాను. ఇప్పుడు లాకులదాకా వెళ్లొస్తే అరగంట. వాన పడి గట్టు జారితే వరండాలోనే అటూ ఇటూ తిరుగుతాను, ఎదురింటి ముసలమ్మ నాకేదో పట్టిందనుకుంటోంది.

మా ఆవిడ మొదట్లో మంచినీళ్లు కూడా చేతికే అందించేది. పూటకు పదిసార్లు “నొప్పెలా ఉందండీ?” అనేది. అడిగినప్పుడల్లా మర్చిపోయిన నొప్పి గుర్తొచ్చేది. ఆ ఫిజియోథెరపీ అమ్మాయే మాన్పించింది. ఇప్పుడు “ఇవాళ ఎందాకా వెళ్లారు?” అంటుంది. బెండకాయలు ముందు పడేసి, “ఇవి తరిగి, లేచి ఓసారి తిరిగి రండి” అంటుంది.

నొప్పి పోయిందా అంటే పోలేదు. కానీ కార్తీకంలో కోటిపల్లి వెళ్లొచ్చాను, బస్సులో మధ్యమధ్య లేచి నిలబడుతూ.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. మూత్రం, విరేచనం పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం వాలిపోతున్నా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లు. అప్పుడు నడకలూ గిడకలూ అని కూర్చోకు.

ఆదివారం రా. బైకు మీద కాదు, బస్సెక్కు. చెల్లెమ్మను కూడా తీసుకురా, మా ఆవిడకు తనతో చాలా పని ఉంది.

నీ
రాంబాబు