మందులవాడి ఇంట్లో మారుమనువు

ప్రియమైన రాఘవా,

బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం బారిన పడకుండా మీ తాతగారి పెళ్ళి అప్పటి ఫ్రెంచి పాలనలోని యానాంలో జరిపించిన సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. కల్యాణపురం అన్న పేరు ఆ ఊరికి ఊరికే రాలేదు. అయితే చివర్లో నువ్వు అడిగావు చూడు, ఫ్రెంచివాళ్ళకు పెళ్ళి మీద పట్టింపే లేదా అని, దానికి జవాబు కెనడాలో వాళ్ళ తొలి కాపురాల్లో దొరుకుతుంది.

అక్కడ వాళ్ళకు పెళ్ళికంటే ముందు రోగం ఎదురైంది. 1535–36 చలికాలంలో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే వెంట ఉన్న సుమారు 110 మందిలో 25 మంది, తాజా పళ్ళూ కూరలూ లేక వచ్చే స్కర్వీ రోగంతో పోయారు. కాళ్ళు వాచి నల్లబడేవి, చిగుళ్ళు కుళ్ళి పళ్ళు రాలిపోయేవి. ఇదేం రోగమో తెలియక, చనిపోయిన ఇరవై రెండేళ్ళ కుర్రవాడి శరీరాన్ని కోసి చూస్తే, గుండె పాలిపోయి నీటిలో తేలుతున్నట్టుగా ఉందట. చివరికి స్థానికుడైన డొమగాయా ఒక చెట్టు ఆకులతో, బెరడుతో కషాయం కాచే విధానం చెప్పాడు. పెద్ద చెట్టు మొత్తం ఎనిమిది రోజుల్లోపే కషాయానికి అయిపోయింది. అంతటి మందును తరువాతి తరం పోగొట్టుకుంది. 1608లో కెనడాలోని క్విబెక్‌లో కాపురం పెట్టడానికి దిగిన 28 మంది ఫ్రెంచివాళ్ళలో వసంతం నాటికి మిగిలింది ఎనిమిది మందే, అందరూ మగవాళ్ళే.

1617లో పారిస్ నుంచి లూయీ ఎబేర్ అనే మందులవాడు భార్య మరీ రోలేతోను, ముగ్గురు పిల్లలతోను అక్కడికి వచ్చాడు. ఆస్తి అమ్ముకుని ఓడ ఎక్కబోయేసరికి, ఒప్పుకున్న 600 లీవ్ర్‌ల (అప్పటి ఫ్రెంచి నాణెం) జీతాన్ని వ్యాపారులు 300కు కోసేశారు; నిన్నూ నన్నూ అడిగితే అక్కడినుంచే వెనక్కి తిరిగేవాళ్ళం. మరుసటి ఏడే కూతురు ఆన్‌కు పెళ్ళి చేశాడు. 1619లో ఆ పిల్ల పురిటిలో పోయింది, బిడ్డా దక్కలేదు. ఊరందరికీ మందులు నూరిపోసే తండ్రి ఇంట్లోనే! ఆయన కూడా 1627లో మంచుగడ్డ మీద జారిపడి మరణించాడు. రెండేళ్ళు తిరిగాక మరీ రోలే గియోమ్ ఉబూను మారుమనువాడింది. దీన్ని తొందరపాటు అనేవాళ్ళు ఆ చలిలో ఒంటరిగా ఒక ఏడాది పొలం, ఇల్లు చూసుకుని అప్పుడు మాట్లాడాలి.

1639లో ఫ్రాన్సు నుంచి క్రైస్తవ సన్యాసినులు వచ్చి ఆసుపత్రి తెరవగానే అది మశూచి రోగులతో నిండిపోయింది. వాళ్ళలో ఎక్కువమంది అక్కడి ఆదివాసులే. కషాయం నేర్పిన నేల మీదికి ఫ్రెంచివాళ్ళు తెచ్చిన బహుమానం ఆ మశూచి.

1663 నుంచి పదేళ్ళలో అక్కడి మగవాళ్ళతో పెళ్ళికోసమే ఫ్రాన్సు రాజుగారి ఖర్చు మీద సుమారు 770 మంది ఆడపిల్లలు ఓడలెక్కారు. 1669లో పద్నాలుగో లూయీ, పదిమంది సంతానమున్న కుటుంబానికి ఏటా 300 లీవ్ర్‌ల భరణం ప్రకటించాడు. పిల్లలు బతికి ఉండాలన్నది అందులో షరతు.

మీ తాతగారి శుభలేఖ దొరికితే నకలు తీసి పంపు.

నీ,
సుబ్బు