ఫొటోలో నవ్విన అమ్మాయి ఏమంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో వీల్‌చైర్‌లో ఉండి చదువుకుని మంచి మార్కులు తెచ్చుకున్న పదిహేడేళ్ల అమ్మాయి మీద అరపేజీ కథనం వేశారు. మా అమ్మ దాన్ని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. వాళ్లమ్మ మాటలు మూడు పేరాలు. టీచరు మాటలు ఒక పేరా. ఫిజియోథెరపిస్టు చెప్పినవి నాలుగు వాక్యాలు. పక్కింటాయన కూడా ఒక ముక్క అన్నారు. ఆ అమ్మాయి అన్న మాట ఒక్కటీ లేదు. ఫొటోలో మాత్రం నవ్వుతోంది.

విలేకరితో తగువు పెట్టుకోవడానికి రాయడం లేదు. ఆ అమ్మాయికి మాట స్పష్టంగా రాదని కథనంలోనే ఉంది. నాకూ రాదు. నాది సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు కండరాల్ని సరిగ్గా అదుపు చెయ్యలేని స్థితి. వయసు 26. నేను ఒక వాక్యం పూర్తి చేసేలోపు మీరు మూడు చెప్పేస్తారు. నా చేతుల్లో కుడి చూపుడువేలు ఒక్కటే చెప్పినట్టు వింటుంది కాబట్టి ఈ ఉత్తరం టైప్ చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. జాలి పడతారని చెప్పడం లేదు, టైము లెక్క చెప్తున్నాను. మా గొడవల్లో సగం టైము గొడవలే.

పదహారేళ్లు వచ్చేదాకా నా తరఫున మా అమ్మే మాట్లాడింది. "పాపకి నిద్ర సరిగ్గా పడుతోందా?" అని డాక్టరు అమ్మని అడిగేవారు. "పడుతోందండీ" అనేది అమ్మ. పాప అక్కడే కూర్చుని ఉండేది, వారం నుంచి నిద్ర లేకుండా. నొప్పి ఎక్కడ, చదవాల్సింది ఏ గ్రూపు, జుట్టు ఎంత పొట్టిగా కత్తిరించాలి, అన్నీ నా తల మీదుగా ఇటునుంచి అటు వెళ్లిపోయేవి. అమ్మకి ప్రేమ లేక కాదు, ఎక్కువై. కానీ అన్నేళ్లు ఎవరూ అడక్కపోతే మనిషికి జవాబు వెతుక్కునే అలవాటే పోతుంది. ఒకసారి ఇంటికొచ్చిన ఒకాయన నన్నే నేరుగా అడిగారు, "నీకేం ఇష్టమమ్మా?" అని. నేను వెంటనే అమ్మ మొహం చూశాను, నాకేం ఇష్టమో తను చెప్తుందేమోనని.

ఆ ఏడాదే థెరపీ కోసం వెయిటింగ్ హాల్లో కూర్చుని ఉండగా ఒకావిడ్ని చూశాను. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. మాట అచ్చం నాలాగే, ఇంకాస్త ముద్దగా. కౌంటర్ దగ్గర ఏదో అడుగుతోంది. లోపలున్న మనిషి ఆవిడ్ని వదిలేసి వెనకున్న తమ్ముడి వైపు చూసి "ఏమంటోంది?" అన్నాడు. ఆ తమ్ముడు తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు. (అది వాళ్లిద్దరూ ముందే అనుకున్న ఒప్పందమని తర్వాత తెలిసింది.) ఆవిడ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. "నా మాట నెమ్మదిగా వస్తుంది. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. నన్నే అడగండి." మూడోసారికి అతనికి అర్థమైంది. వెనక లైన్లో వాళ్లు విసుక్కున్నారు. ఆవిడ మాత్రం తొందరపడలేదు.

ఆ మూడు వాక్యాలూ నేను ఆ రాత్రి దుప్పటి ముసుగేసుకుని ప్రాక్టీస్ చేశాను. స్పీచ్ థెరపిస్టు దగ్గర నేను ఏళ్ల తరబడి అక్షరాలు పలకడం నేర్చుకున్నాను, ఆ రుణం కాదనను. కానీ పలికిన మాటతో ఎదుటి మనిషిని ఆపి కూర్చోబెట్టొచ్చని నాకు చూపించింది ఆ అక్కే. వయసులో నాకు దగ్గరిది, అదే లైన్లో నిలబడేది, అదే విసుగు భరించేది. డాక్టరు చెప్తే "మీకేం తెలుసు" అనిపించేది. ఆవిడ చేస్తే "నేనూ చెయ్యొచ్చు" అనిపించింది.

ఒకేలాంటి కష్టం తెలిసినవాళ్లు ఒకరికొకరు ఆసరా అవడం, దీన్నే పీర్ సపోర్ట్ అంటారు. మేం తోడు అంటున్నాం. ఇప్పుడు మేం పదకొండు మందిమి, 15 ఏళ్ల పిల్ల నుంచి 28 ఏళ్ల అబ్బాయి దాకా. రెండు వారాలకోసారి ఒక గ్రంథాలయంలో చిన్న గదిలో కూర్చుంటాం. చూపు లేని వాళ్లు ఇద్దరు, వినపడని వాళ్లు ముగ్గురు, కండరాల జబ్బుతో నడక తగ్గిపోతున్న అమ్మాయి ఒకరు, ఆటిజం ఉన్న ఇద్దరు. ఫిట్స్ వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. పైకి ఏమీ కనపడదు కాబట్టి "నీకేమైందిరా, బాగానే ఉన్నావు కదా" అన్న మాట మాలో అందరికంటే ఎక్కువ పడేది వాడికే. మమ్మల్ని వికలాంగులు అనాలా దివ్యాంగులు అనాలా అని పెద్దలు చర్చించుకుంటారు. మా గదిలో ఆ చర్చ ఒక్కసారే జరిగింది, పది నిమిషాల్లో అందరికీ బోర్ కొట్టింది.

ఏం మాట్లాడుకుంటాం? మొదటి రెండు మీటింగుల్లో మర్యాదగా చదువుల గురించి మాట్లాడుకున్నాం. మూడోసారి ఒకమ్మాయి, అమ్మానాన్నలు బయట వరండాలో ఉన్నారని తలుపు వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది: "నెలసరి రోజుల్లో బట్టలు మార్చే మనిషి ఎవరో మీరే చెప్పుకుంటారా, మీ ఇంట్లో వాళ్లు చెప్తారా?" గది ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఆ తర్వాత గంటన్నర ఆగలేదు. మనల్ని ఎత్తుకునే మనిషిని వద్దనొచ్చా, ప్రేమించానని ఇంట్లో చెప్తే నవ్వుతారా, నాన్న ముసలాయన అయ్యాక నన్ను ఎవరు చూస్తారు, ఇలాంటివి. ఇవి అమ్మని అడగలేం. అడిగితే ఏడుస్తుంది. అప్పుడు మళ్లీ అమ్మని మేమే ఓదార్చాలి.

రిహార్సల్స్ కూడా చేస్తాం. పరీక్షకి స్క్రైబ్‌ని (మనం చెప్తే జవాబులు రాసే మనిషిని), అదనపు సమయాన్ని అడగాల్సిన అమ్మాయి ఒకవైపు, ఆఫీసరు వేషం వేసిన అబ్బాయి ఇంకోవైపు. వాడు ఫైలు నుంచి తలెత్తకుండా "రేపు రామ్మా" అన్న తీరుకి అందరం పడిపడి నవ్వాం. అయినా నాలుగుసార్లు చేయించాం. ఏం కావాలో మొదటి వాక్యంలోనే చెప్పడం, అడిగింది కాగితం మీద కూడా ఇవ్వడం, కుదరదంటే కారణం రాసిమ్మని అడగడం, ఎవరికి ఇచ్చామో పేరు, తేదీ రాసుకోవడం. అసలు రోజు ఆ అమ్మాయి అనుకున్నవాటిలో సగమే చెప్పగలిగింది. గొంతు వణికిందట. స్క్రైబ్‌ని మాత్రం ఇచ్చారు. మరుసటి ఏడాది ఇంకో అమ్మాయికి ఆఫీసరు వేషం వేసి రిహార్సల్ చేయించింది తనే.

మనకి రావాల్సింది మనమే నోరు తెరిచి అడగడం, పెద్ద మాటల్లో దీన్ని అడ్వొకసీ అంటారు. మైకు పట్టుకున్నాకే మొదలయ్యే సంగతని చాలామంది అనుకుంటారు. జుడిత్ హ్యూమన్ అనే ఆమె సంగతి చూడండి. అమెరికాలో పుట్టింది, ఏడాదిన్నర వయసులో పోలియో. ఐదేళ్లప్పుడు స్కూల్లో చేర్చడానికి తీసుకెళ్తే, ఈ వీల్‌చైర్ మంటలు చెలరేగినప్పుడు అడ్డమవుతుందని ప్రిన్సిపాల్ వెనక్కి పంపించాడు. వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిపే ఒక వేసవి శిబిరానికి ఆమె ఏటా వెళ్లేది. అమ్మానాన్నలు పక్కన లేకుండా తమలాంటి వాళ్లే చుట్టూ ఉండి, మనసులో ఉన్నది మాట్లాడుకునే చోటు అది. 1977 ఏప్రిల్‌లో, వైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్ష చూపకూడదన్న చట్టం వచ్చి నాలుగేళ్లయినా నిబంధనల మీద సంతకం కాలేదని శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రభుత్వ భవనంలోకి వందమందికి పైగా వెళ్లి కూర్చున్నారు. ముందు నిలబడిన వాళ్లలో ఆమె ఒకరు, అప్పటికి 29 ఏళ్లు. ఆ శిబిరం స్నేహితులు కూడా కొందరు పక్కనున్నారు. లోపలి ఫోన్లు తీసేస్తే వినపడని వాళ్లు కిటికీల్లో నిలబడి సైగలతో బయటి వాళ్లకి కబురు చెప్పారు. మూడు వారాలు దాటాక సంతకం అయింది. నాకు ఆ సంతకం కన్నా కిటికీ దగ్గర సైగ చేసిన చేతులే ఎక్కువ గుర్తుంటాయి.

నికరాగ్వాలో జరిగింది ఇంకా వింత. 1970ల చివర్లో అక్కడ వినపడని పిల్లల్ని పెద్ద సంఖ్యలో ఒక బడికి చేర్చారు. అంతకుముందు ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా ఉన్నవాళ్లే. టీచర్లు పెదాల కదలిక చూసి స్పానిష్ నేర్చుకోమన్నారు, పెద్దగా ఫలితం లేదు. ఆటస్థలంలోనూ బస్సులోనూ మాత్రం ఆ పిల్లలు ఇళ్లలో వాడుకునే సైగలన్నీ కలిపేసుకున్నారు. వాళ్ల తర్వాత వచ్చిన చిన్నపిల్లలు వాటికి వ్యాకరణం తెచ్చారు. ఇవాళ అది పూర్తి స్థాయి భాష. పెద్దలు కూడబెట్టింది పిల్లల్ని. భాషని కూడబెట్టుకున్నది ఆ పిల్లలే.

ఇంత రాశాక నా తప్పు కూడా చెప్పాలి. మా గుంపులో ఒకబ్బాయి ఫోన్లో టైప్ చేసి మాట్లాడతాడు, నాకంటే నెమ్మది. ఒకరోజు బయటి నుంచి వచ్చిన అతిథి వాడినేదో అడిగారు. వాడు టైప్ చేస్తున్నాడు. అందరూ ఎదురు చూస్తున్నారు. ఆ నిశ్శబ్దం నేనే తట్టుకోలేక "వాడికి సంగీతం ఇష్టమండీ" అనేశాను. వాడు టైప్ చెయ్యడం ఆపి, రాసింది చెరిపేసి, కొత్తగా రాసి ఫోన్ నా వైపు తిప్పాడు. "అక్కా, నేను చెప్తున్నాను కదా." పదహారేళ్లు నన్ను ఏడిపించిన పని నేను నలభై సెకన్లలో చేశాను. మా అమ్మ మీద కోపం ఆ రోజు కాస్త తగ్గింది. వాడు మొదట ఏం రాశాడో ఇప్పటికీ చెప్పలేదు.

తోడు అన్నింటికీ మందు అని నేననను. ఒక రాత్రి ఒంటిగంటకి మాలో ఒకరి నుంచి "ఇంక చాలనిపిస్తోంది" అని మెసేజ్ వచ్చింది. నేను కౌన్సెలర్‌ని కాను. చేతులు చల్లబడ్డాయి. ఆ అమ్మాయికి కబుర్లు పెడుతూనే వాళ్ల పెద్దమ్మని లేపాం, ఆ పూట గడిచింది, మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లింది. అప్పటి నుంచి కొత్తగా వచ్చేవాళ్లకి మొదటిరోజే చెప్తున్నాం: ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు, కానీ ప్రాణం మీదికొచ్చినా, ఎవరైనా హింసిస్తున్నారని తెలిసినా రహస్యం ఉంచం, సాయం పిలుస్తాం. తోడుండే వాళ్లకి శిక్షణ కావాలి, వాళ్లు మాట్లాడుకోవడానికి ఒక పెద్ద దిక్కు కావాలి. చేసే పనికి డబ్బూ ఇవ్వాలి. థెరపిస్టుకి ఫీజు ఇస్తాం, మాకు శాలువా కప్పుతాం అంటే ఎలాగండీ?

శాలువా అంటే గుర్తొచ్చింది. "వైకల్యం ఉన్న యువత గళం" అని ఒక మీటింగుకి పిలిచారు. ఎవరు పిలిచారన్నది వదిలేద్దాం. వేదికకి ఏడు మెట్లు. నన్ను కుర్చీతో సహా ఎత్తుతామని నలుగురు వచ్చారు, ముందు అడగలేదు. కాగితాలు అప్పటికప్పుడు చేతిలో పెట్టారు, మా చూపు లేని స్నేహితుడికి కూడా అవే కాగితాలు. సైగల భాష ఇంటర్‌ప్రెటర్ లేరు. ఫొటోలయ్యాక నా వంతు వచ్చేసరికి "సమయాభావం వల్ల" అన్నారు. నిజంగా వినాలనుకుంటే పెద్ద కష్టమేం కాదు. కాగితాలు వారం ముందు, చదవగలిగే రూపంలో, తేలిక మాటల్లో పంపండి. దారి ఖర్చులివ్వండి. ఒక్కరినే పిలవకండి, ఇద్దరుంటే ఒకరికొకరు ధైర్యం. మేం మాట్లాడాక ఏం మారిందో, మారకపోతే ఎందుకో ఆ తర్వాత ఒక ఉత్తరం ముక్క రాయండి. ఈ చివరిది ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.

ఇది మా గొంతెమ్మ కోరికేం కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం ఏడో ఆర్టికల్ ప్రకారం, వైకల్యం ఉన్న పిల్లలకి తమకి సంబంధించిన అన్ని విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కుంది. చెప్పడానికి వయసుకీ వైకల్యానికీ తగిన సాయం పొందే హక్కూ ఉంది. ఆ సాయం అన్న మాట కింద నేను గీత గీసుకున్నాను. మాట రాదు కాబట్టి అడగలేదు అనడానికి ఇంక వీల్లేదు. నాలుగో ఆర్టికల్ చట్టాలూ విధానాలూ చేసేటప్పుడు మమ్మల్ని, పిల్లలతో సహా, సంప్రదించమంటుంది. ఇరవయ్యారో ఆర్టికల్ తోటివారి తోడుని పేరు పెట్టి మరీ ప్రస్తావిస్తుంది.

ఇక మీ కథనం. ఆస్ట్రేలియాలో స్టెల్లా యంగ్ అని ఒక హాస్య కళాకారిణి ఉండేది, వీల్‌చైర్ వాడేది. ఆమెకి పదిహేనేళ్లప్పుడు ఊళ్లో వాళ్లెవరో సాధకుల అవార్డుకి పేరు పంపుతామంటే, వాళ్ల అమ్మానాన్నలు "బాగానే ఉంది కానీ, మా అమ్మాయి ఏం సాధించిందని?" అన్నారట. మీ కథనంలోని అమ్మాయి నిజంగానే మార్కులు సాధించింది, మెచ్చుకోవాల్సిందే. అయితే ఏ సబ్జెక్ట్ కష్టమైంది, పరీక్ష హాల్లో ఎవరు సతాయించారు, నెక్స్ట్ ఏం చెయ్యాలనుంది, ఈ మూడూ తనకి తప్ప ఇంకెవరికీ సరిగ్గా తెలియవు.

మీ విలేకరిని ఇంకోసారి పంపించగలరా? ప్రశ్నలు రెండు రోజుల ముందు పంపితే తను టైప్ చేసో, అక్షరాల బోర్డు మీద చూపించో, నెమ్మదిగా పలికో చెప్తుంది. అమ్మగార్ని పక్క గదిలో కూర్చోమని తనని అడిగి చూడండి, వద్దంటే వద్దు. తను ఆలోచించుకుంటున్నప్పుడు దయచేసి ఎవరూ వాక్యం పూర్తి చెయ్యకండి, నేను చేసినట్టు. పదకొండు మందిమి ఎదురు చూస్తుంటాం. తను "మీకు చెప్పను" అంటే ఆ మాటే అచ్చు వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు